నాన్న సమాధిలో కాంతమ్మ

మా అమ్మ రొట్టె వద్దంది.

నిరుడు ఈస్టరుకి ముందొచ్చే శ్రమదినాల్లో, మార్చి నెల రెండో గురువారం జరిగిందిది. మా చర్చి పాస్టరు అయ్యగారు ఎండలో స్కూటర్ మీద ఖర్కాయి నది వంతెన దాటి ఆదిత్యపూర్‌లో మా ఇంటికి వచ్చారు. చర్చికి రాలేని ముసలివాళ్ళకి ఇంటికే బల్ల, అంటే ప్రభువు పేర రొట్టె, ద్రాక్షరసం, తెచ్చి ఇవ్వడం మా తెలుగు చర్చిలో మామూలే. చిన్న తోలుపెట్టె, అందులో బొటనవేలంత గిన్నె, సీసాలో ద్రాక్షరసం, తెల్లగుడ్డలో చుట్టిన రొట్టె. మా ఆవిడ శైలజ స్టూలు మీద ఉతికిన గుడ్డ పరిచింది. అయ్యగారు ప్రార్థన చేసి, రొట్టె విరిచి, మంచం మీద ఒరిగి కూర్చున్న అమ్మ నోటి దగ్గరికి తెచ్చారు.

అమ్మ నోరు తెరవలేదు.

"నూకాలమ్మగారూ, ప్రభువు శరీరం" అన్నారాయన, చెవుడేమోనని గట్టిగా.

"ఇనబడింది బాబూ. నాకొద్దు."

"ఒంట్లో బాగాలేదా అమ్మా?"

"ఒల్లెప్పుడు బాగుంది గనక? నాకిద్దరు కొడుకులు. పెద్దోడు తలకాయొంచుకుని బల్లకాడికొత్తాడు. చిన్నోడు నాలుగేళ్ళయి ఎనక బెంచీలో కూకుంటాడు, అందరూ బల్లకని లేత్తే ఈడు చెప్పులేసుకుని బైటికెల్లిపోతాడు. ఆల్లిద్దరూ ఒక్కకాడ కూకుని తిననాడు నాకెందుకు? నానూ ఆడితోటే బైట ఉంటాను."

ఆ చిన్నోణ్ణి నేనే. గుమ్మంలో నిలబడి ఉన్నాను. అయ్యగారు నా వైపు చూశారు. నేను గోడ మీద కేలండరు వైపు చూశాను.

ఆయన వయసులో చిన్నవాడు, కాకినాడ వైపునుంచి కొత్తగా వచ్చినవాడు. ఏం చెయ్యాలో పాలుపోక రొట్టెముక్క మళ్ళీ గుడ్డలో చుట్టేశారు. చూస్తూ ఉంటే నాకు ఒళ్ళు మండింది. ఫిబ్రవరిలోనే డాక్టరు చెప్పేశాడు, అమ్మ కిడ్నీలు రెండూ అయిపోయాయని, ఈ వేసవి దాటితే గొప్పేనని. మిషను మీద పెట్టి రక్తం కడగడం ఆవిడే వద్దంది. ఇప్పుడు ఇదీ వద్దంటోంది. జ్వరంలోనూ ఒక్క బల్ల ఆదివారం మానని మనిషి, నాన్నని పాతిపెట్టిన వారానికే వెళ్ళి రొట్టె తీసుకున్న మనిషి, చివరికి అది నోట్లో పడకుండానే పోతానంటోంది. దానికి కారణం నేనట.

"ఇది బెదిరింపు" అన్నాను శైలజతో, అయ్యగారు వెళ్ళాక.

"అయితే బెదరండి" అంది.

జరిగింది చెప్పాలి. లేకపోతే నేనేదో పనికిమాలిన పంతం పట్టాననుకుంటారు.

మా నాన్న రైల్వేలో ఖలాసీ. పేరు దేముడు. టాటానగర్ వచ్చాక బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ పేరుతో క్రైస్తవుడెలా ఉంటావయ్యా, మార్చుకో అని అప్పటి పాదిరిగారంటే, "ఈ పేరుతోనే కదా ప్రభువు నన్ను పిలిచాడు, మళ్ళీ ఇంకో పేరుతో పిలిత్తే నాకు తెలవొద్దా?" అన్నాడట. రెండువేల తొమ్మిదిలో పోయాడు. మా సమాధుల తోట ఇరుకు. గుంటకి పదేళ్ళు దాటితే దాన్ని తెరిచి అదే కుటుంబంలో ఇంకొకరిని పెట్టుకోవచ్చునని చర్చి కమిటీ రూలు. అందుకని నాన్న సమాధిలో జాగా అమ్మకేనని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడ ఏటేటా ఈస్టరుకి వెళ్ళినప్పుడు, "జరుగు, నానొత్తాను" అని ఆ రాతితో చెప్పి వచ్చేది.

రెండువేల ఇరవై ఒకటి మే నెలలో నేను ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాను. ఆ వారంలోనే మా వదిన బంగారమ్మ వాళ్ళమ్మ కాంతమ్మ చచ్చిపోయింది. కరోనానో వయసో అడిగే తీరిక ఆ రోజుల్లో ఎవరికీ లేదు. కొత్త జాగా లేదు, సొంత కుటుంబానికి గుంట ఉంటే అందులో పెట్టుకోండి అంది కమిటీ. మా అన్నయ్య అప్పన్న ఒక కాగితం పట్టుకుని అమ్మ దగ్గరికి వచ్చాడు. "తమ్ముడి ఆస్పత్రి కాయితమమ్మా, ఏలిముద్ర ఎయ్యి" అన్నాడు. కొడుకు బతకాలని ఆవిడ వేసింది. ఆ కాగితంలో ఉన్నది వేరు. దేముడి సమాధిలో కాంతమ్మను పెట్టుకోవడానికి భార్య నూకాలమ్మ ఒప్పుకున్నట్టు.

ఇరవై రెండు రోజుల తర్వాత ఇంటికొచ్చి నేను విన్న మొదటి వార్త అది. అమ్మ జాగా పోయింది. మళ్ళీ పదేళ్ళదాకా ఆ గుంట తెరవరు.

పోనీ, వచ్చి పడుకున్నావిడ నాన్నకి కావలసిన మనిషా అంటే, అదీ కాదు. అన్నయ్య పెళ్ళిలో చేపల పులుసు దగ్గర మొదలైంది వాళ్ళిద్దరి తగువు. ఆవిడ ఇచ్ఛాపురం నుంచి వచ్చి సాక్చి బజారులో ఎండుచేపలమ్మేది. ఈయన ఆవిణ్ణి ఆ చేపల్లో ఒకదాని పేరుతో 'ఎండు సావడాయి' అనేవాడు, ఆవిడ ఈయన్ని 'పొగింజను' అనేది. ఇరవై ఏళ్ళు అంతే. ఇప్పుడు ఒకే గుంటలో ఒకరి మీద ఒకరు.

నేను అన్నయ్యతో మాట మానేశాను. మా వాళ్ళంతా ఈస్టరు ముందు శనివారం సమాధులకి సున్నం వేసి, ఆదివారం తెల్లవారుతుండగా కొవ్వొత్తులు పెట్టి పాటలు పాడతారు. ఒక సమాధికి రెండిళ్ళవాళ్ళం విడివిడిగా సున్నం వేసేవాళ్ళం. పొద్దున నేను వేసి వస్తే సాయంత్రం వాళ్ళు వచ్చి దాని మీద మళ్ళీ వేసేవాళ్ళు. తోటలో అంత తెల్లటి సమాధి ఇంకోటి లేదని జనం నవ్వేవారు. రెండో ఏడు వదిన వాళ్ళమ్మ పేరుతో ఒక రేకు చేయించి నాన్న పేరు కింద బిగించింది. నేను రెంచీ పట్టుకెళ్ళి ఊడపీకి, వంతెన మీద ఆగి ఖర్కాయిలో పారేశాను. ఆ రోజు కలిగినంత సుఖం నాకు నా పెళ్ళి రోజున కూడా కలగలేదు.

బల్ల దగ్గరికి వెళ్ళకపోవడం కూడా పంతమని అనుకోలేదు నేను. మనసులో పగ పెట్టుకుని రొట్టె తింటే తప్పు. పగ ఉందని తెలుసు కాబట్టి తినను. పక్క బెంచీవాడి పొలంగట్టు జరిపి, ఆదివారం చేతులు కట్టుకుని వచ్చి తినేవాళ్ళకంటే నేను నయం కాదా? నాలుగేళ్ళు ఆ మాటే చెప్పుకున్నాను. ఎవరూ కాదనలేదు. ఎవరూ కాదనలేదు కాబట్టి నిజమే అనుకున్నాను.

రెండు వారాలు గడిచాయి. మోదుగపూలు రాలిపోయి ఎండ ముదిరింది. అమ్మ కాళ్ళు పొంగాయి. గంజి రెండు చెంచాలు తాగి మొహం తిప్పేసేది. అయ్యగారు ఇంకోసారి వచ్చారు. ఇంకోసారి వద్దంది.

మా అమ్మాయి సింధు కాలేజీ నుంచి వచ్చి నా పక్కన కూర్చుంది. "పాపా, ఏక్ బార్ బడే పాపా కో బులా లీజియే నా. నానమ్మ కే లియే."

"పిలిస్తే వస్తాడా మీ పెదనాన్న?"

"ఆయేంగే. మైఁనే పూఛ్ లియా." అప్పుడే ఫోను చేసి అడిగేసిందట.

సరే, ఆవిడకి కావలసింది అదే కదా, ఒక పూట నటిస్తే పోయేదేముంది అనుకున్నాను. ఏప్రిల్ మొదటి ఆదివారం అన్నయ్య జుగ్సలాయ్ నుంచి ఆటోలో వచ్చాడు, ఒక్కడే. అయ్యగారినీ రమ్మన్నాం. రైల్వేలో రిటైరయ్యాక మనిషి సగమయ్యాడు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. నేను చెయ్యి చాపాను. ఆయన పట్టుకున్నాడు. అమ్మ మంచం ముందు నిలబడి, అయ్యగారు చూస్తుండగా, ఇద్దరం చేతులు ఊపాం.

అమ్మ మమ్మల్ని పైనుంచి కిందికి చూసింది.

"ఇది ఓట్లకొచ్చినోల్లు చేసే పని" అంది. "చేతులు కలిసినాయి, మొకాలేయి?"

"అమ్మా, సూరిగాడొచ్చి చెయ్యిచ్చాడు కదే" అన్నాడు అన్నయ్య.

"ఆడు నీకియ్యలేదురా, నాకిచ్చాడు. సచ్చిపోయేదానికి బిస్కట్టిచ్చినట్టు. నువ్వూ అంతే. నోట్లో ఏటో ఉంది, అది కక్కవు, మింగవు. పొండి, ఇద్దరూ పొండి."

అయ్యగారి ముందు నాకు తల కొట్టేసినట్టయింది. "నీ గురించే కదమ్మా ఇదంతా! నీ జాగా పోయిందనే కదా నేను పోట్లాడుతున్నది!" అని అరిచాను.

"నా జాగా నానడిగానేటి?" అమ్మ గొంతు లేవలేదు. "ఎక్కడెడితే ఏటి? గోడ వార ఎట్టండి, నీడుంటాది. సచ్చినోల్లందరినీ లేపే ఆ కడవరి బూర ఊదిననాడు లేచి మీ నాన్న నన్నెతుక్కుంటాడు. బతికున్నప్పుడెలాగూ ఎతకలేదు."

సింధు ఫక్కున నవ్వి నోరు మూసుకుంది. అయ్యగారు కూడా పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. అన్నయ్య నవ్వలేదు. నేనూ నవ్వలేదు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

అన్నయ్య వెళ్ళిపోయాక నేను వసారాలో కూర్చుని నాలుగేళ్ళ లెక్కంతా మళ్ళీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను. వేలిముద్ర, ఆస్పత్రి, అబద్ధం. శైలజ బియ్యంలో రాళ్ళేరుతోంది. వినీ వినీ, చేట కింద పెట్టింది.

"ఆయన చేసింది తప్పే. నేను కాదన్లేదు ఏనాడూ. కానీ ఆ పేరు రేకు నీళ్ళలో పారేసిందెవరు?"

"అది..."

"బంగారమ్మక్క మూడేళ్ళయి పేరులేని గోరీ కాడ కొవ్వొత్తెట్టి ఏడుత్తంది. మీ అన్నని మీరు మన్నించాలా ఒద్దా అన్నది తరవాత చూద్దురుగాని. మీరెల్లి అడగాల్సింది ఒకటుంది కదా? అది ముందు కానీండి."

నాకు కోపం వచ్చింది. రాత్రి అన్నం తినలేదు. మర్నాడు పనిలో కొలత తప్పి ఒక షాఫ్టు పాడుచేశాను. లేతు మిషను మీద ఇరవై ఎనిమిదేళ్ళుగా చేస్తున్నాను, అలాంటి తప్పు నేర్చుకునేటప్పుడు కూడా చెయ్యలేదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తియ్యకుండానే సైకిలెక్కి జుగ్సలాయ్ వెళ్ళాను.

అన్నయ్య ఇంట్లో లేడు. వదిన వాకిట్లో వడియాలు ఎండబెడుతోంది. నన్ను చూసి లేవలేదు, కొంగు మటుకు సర్దుకుంది.

"అత్తకేటైనా అయిందా?"

"లేదు."

"మరేటి?"

దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. అవన్నీ వదిలేసి, "మీ అమ్మ ఏ సంవత్సరంలో పుట్టిందొదినా?" అన్నాను.

వదిన చేతిలో పిండి గిన్నె అలాగే ఉండిపోయింది. "ఎందుకు?"

"రేకు చేస్తాను. పేరు, తేదీలు చెక్కాలి."

ఒక కాకి వచ్చి వడియం ఎత్తుకుపోయినా వదిన అదిలించలేదు.

"ఆ రోజు నానక్కడే ఉన్నాను తెలుసా?" అంది చివరికి. "గేటు కాడ. నువ్వు రెంచీతో ఊడదీయడం నా కల్లతో చూసాను. ఎనకాలే వంతెన దాకా ఒచ్చాను, పిలుద్దామని. నువ్వు పారేసేసి నవ్వుతా ఎల్లిపోయావు."

"తప్పు చేశాను వదినా" అన్నాను.

"చేసావు." ఆవిడ కన్నీళ్ళు తుడుచుకోలేదు. "నాకిప్పుడే పోదు మరిదీ. నీ మొకం చూత్తే ఆ వంతెనే అగుపిత్తది. అబద్దమెందుకు."

"పోవక్కర్లేదు. సంవత్సరం చెప్పు చాలు."

"ఎవరికి తెలుసు? ఏదో తుపానుకి ముందు పుట్టానని చెప్పేది. పోయిన తేదీ ఒకటే రాయి." లోపలికి వెళ్ళి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. "అచ్చరాలు సిన్నగా చెక్కు. మావయ్య పేరు కన్నా సిన్నగా. మా యమ్మ అక్కడ చుట్టమే కదా."

నీళ్ళు తాగి వచ్చేశాను.

ఆ వారమంతా మధ్యాహ్నం టిఫిన్ వేళల్లో మిషను పక్కన కూర్చుని చెక్కాను. మిగులు స్టీలు ముక్క ఒకటి సానపట్టి అద్దంలా చేశాను. అచ్చు పంచీలతో ఇంగ్లీషు అక్షరాలు క్షణంలో కొట్టొచ్చు. తెలుగు అక్షరాలకి పంచీలుండవు, సన్న ఉలితో ఒంపులన్నీ చేత్తో తిప్పాలి. 'కాం' దగ్గరే ఒక పూట పట్టింది. ఎంత తిట్టుకుంటూ మొదలుపెట్టానో, 'మ్మ' దగ్గరికి వచ్చేసరికి తిట్టడం మర్చిపోయి ఒంపు సరిగ్గా వస్తోందా లేదా అన్న ధ్యాసే మిగిలింది. చిన్నగా చెక్కమంది వదిన. నేను నాన్న పేరు కొలత తెచ్చుకుని, అదే కొలతకి చెక్కాను. చుట్టమైతే మాత్రం, అక్కడ నాలుగేళ్ళ నుంచి ఉంటోంది కదా.

శుభ శుక్రవారం నాడు అమ్మ మగతలో పడింది. శనివారం పొద్దుటికి మళ్ళీ కళ్ళు తెరిచింది. "సున్నానికి ఎల్లలేదేటి?" అంది నన్ను చూసి.

సాయంత్రం నాలుగింటికి సమాధుల తోటకి వెళ్ళాను. సున్నం బకెట్టు, కుంచె, రేకు, స్క్రూలు. తోటంతా జనం, పిల్లల అరుపులు, తడి సున్నం వాసన. మా సమాధి దగ్గర అన్నయ్య ముందే ఉన్నాడు. గొంతుక్కూర్చుని తలవైపు సున్నం వేస్తున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"కానీ" అన్నాను. అది నాలుగేళ్ళలో నేను నాకై నేను ఆయనతో అన్న మొదటి మాట.

నేను కాళ్ళవైపు మొదలుపెట్టాను. సున్నం అయ్యాక రేకు తీసి నాన్న పేరు కింద పెట్టి స్క్రూలు బిగించాను. అన్నయ్య దగ్గరికి వచ్చి చూశాడు. వేలితో ఒక్కొక్క అక్షరం మీద రాసుకుంటూ పోయాడు. "బంగారం నాతో చెప్పలేదు" అన్నాడు.

అప్పుడే పడమటి వైపు ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. మా ఊళ్ళో వైశాఖపు గాలివాన చెప్పి రాదు. దుమ్ము లేచింది, కొమ్మలు విరిగాయి, జనం బకెట్లు వదిలేసి గేటు వైపు పరిగెత్తారు. మేమిద్దరం పారలు, పలుగులు దాచే రేకుల పాకలో దూరాం. అంతలోనే వాన దంచేసింది. గుమ్మంలోంచి చూస్తే తోటలో సమాధులన్నీ కరిగిపోతున్నట్టు తెల్లటి నీళ్ళు పారుతున్నాయి.

"పోయింది సున్నం" అన్నాను.

అన్నయ్య పలగ్గొట్టిన మట్టికుండలా కూలబడ్డాడు అక్కడున్న పార మీదే. రేకుల మీద వాన చప్పుడుకి గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. ఆ మాటలు గట్టిగా అరిచి చెప్పాల్సినవి కావు.

"ఒరే సూరీ, ఆ ఏలిముద్ర. నీ ఆస్పత్రి కాయితమని అబద్దం చెప్పాను అమ్మకి."

"తెలుసు."

"అమ్మకి తెలుసా?"

"నాకు చెప్పిందే అమ్మ."

ఆయన తల ఊపాడు, ఊపుతూనే ఉన్నాడు. "రెండ్రోజులు ఇంట్లోనే పెట్టుకున్నాం రా ఆవిణ్ణి. ఎండలు. ఎవరూ రాలేదు. బంగారం తల గోడకేసి కొట్టుకుంటంది. నిజం చెప్తే అమ్మ ఒద్దంటాదేమోనని బయమేసింది. ఒద్దంటే నేనెక్కడికెల్లాల?"

ఈ మాట కోసం నాలుగేళ్ళు ఎదురుచూశాను. దీనికి చెప్పాల్సిన జవాబులు లేతు మీద నిలబడి ఎన్నిసార్లు తయారుచేసుకున్నానో. నోటికొచ్చింది వేరే ఏదో.

"తవ్వినప్పుడు నాన్న...?"

"ఉన్నాడు." అన్నయ్య మొహం తిప్పుకున్నాడు. "తవ్వేవోడికి నాలుగు గుంటలున్నాయి ఆ పూట. సగం తవ్వి ఎల్లిపోయాడు. మిగతాది నేనే తవ్వాను. ఎముకలన్నీ నేనే తీసాను, ఒక్కటొక్కటే. నా పెళ్ళి పంచె తీసుకెల్లాను, అందులో కట్టాను. అడుగున మళ్ళీ పెట్టి, మీద మట్టేసి, అప్పుడు ఆవిణ్ణి దించాం. ఇంకెవర్నీ ముట్టుకోనియ్యలేదు."

"ఒక్కడివేనా?"

"ఆ రోజుల్లో ఎవడొత్తాడు?"

"నన్ను పిలవాల్సింది."

"నువ్వు ఆక్సిజన్ మీద ఉన్నావు కదరా" అన్నాడు. అని, అరవై రెండేళ్ళవాడు, పార మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను పక్కన నిలబడ్డాను. భుజం మీద చెయ్యి వేశానని చెప్పను. వెయ్యలేదు. పాక కప్పు కారుతూ ఆయన నెత్తిన పడుతోంటే, నా బకెట్టు తీసి దాని కింద పట్టుకుని నిలబడ్డాను, అంతే.

వాన అరగంటలో ఆగిపోయింది. ఎండ మళ్ళీ వచ్చింది.

"ఇంకా సున్నం ఉందా?" అన్నాను.

"సగం బస్తా ఉంది. గోరీ తడిగా ఉంది కదరా మరి?"

"తడి మీదే పడుతుంది సున్నం. లే."

చీకటి పడకముందే మళ్ళీ వేశాం. ఈసారి ఒకే బకెట్టులో కలిపాం, రెండోది వానలో ఎటో కొట్టుకుపోయింది.

ఈస్టరు నాడు ఆరాధన అయ్యాక పదకొండింటికి అయ్యగారు తోలుపెట్టెతో మా ఇంటికి వచ్చారు. అన్నయ్య అప్పటికే అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు. అమ్మ మా ఇద్దరినీ చూసింది. చెయ్యిమ్మని ఎవరూ అడగలేదు, మేమూ ఇవ్వలేదు. అన్నయ్య గోళ్ళ సందుల్లోనూ నా గోళ్ళ సందుల్లోనూ సున్నం ఉంది, కడిగినా పోలేదు.

"ఎంతమందికి అమ్మా?" అన్నారు అయ్యగారు జంకుతూ.

అమ్మ గుమ్మం వైపు చూసింది. వదిన అక్కడ నిలబడి ఉంది. పొద్దున తోటలో రేకు ముందు కొవ్వొత్తి పెట్టి, అక్షరాలు చూసి, నాతో ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయిన మనిషి. వస్తుందనుకోలేదు.

"లోపలికి రాయే, ఎండ" అంది అమ్మ. "ఆరుగురికి బాబూ."

అమ్మ చిగుళ్ళతో నమిలి నమిలి మింగింది. నాలుగేళ్ళ తర్వాత రొట్టె రుచి ఎలా ఉందంటే నాకు గుర్తు లేదు. పక్కన అన్నయ్య ముక్కు చీదుతున్న చప్పుడు గుర్తుంది.

నా కడుపులో మంటంతా ఆ రోజుతో ఆరిపోయిందని అబద్ధం చెప్పను. ఇప్పటికీ ఒక్కోసారి పనిలో ఉండగా ఆ వేలిముద్ర గుర్తొస్తుంది, పళ్ళు బిగుసుకుంటాయి. అప్పుడు మళ్ళీ వదిలిపెడతాను. ఒకసారి వదిలితే అయిపోయే పని కాదిది, పొద్దున లేచి మొహం కడుక్కోవడం లాంటిది. అమ్మ ఆగస్టు దాకా ఉంది. గోడ వార వరుసలో, మధ్యాహ్నం నీడ పడే చోట పెట్టాం. ముందువైపు అన్నయ్య, నేను మోశాం.

కానీ ఆ ఈస్టరు నాడు ఆవిడ ఇంకా మంచం మీదే ఉంది. అయ్యగారు గిన్నె తుడిచి పెట్టెలో పెడుతుంటే, మా అందరి మొహాలూ చూసి విసుక్కుంది.

"ఏటలా చూత్తారు? నాకాకలేత్తంది. చారేనా కాయండి ఎవరైనా."

శైలజ లేవబోయింది. అంతకంటే ముందే వదిన కొంగు బిగించి వంటింట్లోకి వెళ్ళింది. పండగలన్నిటికీ తనే వండిన ఆ వంటింటి గడప నాలుగేళ్ళ తర్వాత దాటడం. గిన్నెల చప్పుడు వినిపించింది, పొయ్యి వెలిగించిన చప్పుడు, చింతపండు డబ్బా మూత. తర్వాత ఒక నిమిషం ఏ చప్పుడూ లేదు. మేమందరం వంటింటి వైపే చూస్తున్నాం.

"ఒసే శైలా, ఉప్పెక్కడెట్టావే?"

"నువ్వెట్టిన కాడే ఉందక్కా" అంది శైలజ. "నేను మార్చలేదు."